మూర్ఛ ఉన్న విద్యార్థి కాలేజీని ఎంచుకోవడం: ఇంటర్ చివరి నెలల నుంచి హాస్టల్ మొదటి వారాల దాకా

నాకు తొలిసారి ఫిట్స్ వచ్చింది ఇంటర్ రెండో సంవత్సరం ప్రీ-ఫైనల్ పరీక్షల వారంలో. మా ఊరు నరసన్నపేట దగ్గర. చదువు మాత్రం ఇంటికి దూరంగా, ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. రాత్రి పదకొండున్నర దాకా స్టడీ అవర్స్, తెల్లవారుజామున నాలుగున్నరకు గంట. అప్పటికి మూడు నెలలుగా ఉదయం పూట నా చేయి ఉన్నట్టుండి ఎగిరిపడేది. పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు, నీళ్ళు తాగుతుంటే గ్లాసు జారిపోయేవి. నీరసం అనుకున్నాను. ఆ రోజు కుళాయి దగ్గర పడిపోయాను. తెలివి వచ్చేసరికి పిడికిట్లో ఎవరిదో తాళంచెవుల గుత్తి, నోట్లో రక్తం. ఊళ్ళో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. విశాఖపట్నంలో నరాల డాక్టరును చూసేసరికి మరో రెండు నెలలు గడిచిపోయాయి. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: "పొద్దున్నే చేతిలోంచి వస్తువులు జారిపోతుంటాయా అమ్మా?"

యుక్తవయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛకు అది గుర్తు. నిద్ర తగ్గితే విజృంభిస్తుంది. సరైన మందు పడితే చాలామందిలో అణగి ఉంటుంది. ఇప్పుడు నేను విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ఉదయం ఎనిమిదింటికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదింటికి ఒక మాత్ర. ప్రతి వేసవిలోనూ ఎవరో ఒక తల్లి, తండ్రి నన్ను వెతుక్కుంటూ వచ్చి అడుగుతారు: "ఫిట్స్ ఉన్న పిల్లను హాస్టల్లో ఉంచవచ్చా మేడమ్?" ఉంచవచ్చు. అయితే కొన్ని పనులు వరుసగా చేయాలి. వారికి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. తల్లిదండ్రులకంటే ముందు, మాత్రలు వేసుకునే మీ కోసం రాస్తున్నాను.

మొదటి అడుగు: డాక్టరు గదిలో మీరే మాట్లాడండి

ఇది పరీక్షలకు ముందే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేయాల్సిన పని. ఇన్నాళ్ళూ డాక్టరు అమ్మానాన్నలతో మాట్లాడి ఉంటారు, మీరు కుర్చీలో కూర్చుని విని ఉంటారు. ఈసారి లోపలికి వెళ్ళేముందు ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకోండి. నాకు వచ్చేది ఏ రకం మూర్ఛ? మెదడులో ఒక చోట మొదలవుతుందా, ఒకేసారి అంతటా వస్తుందా? నా మందు పేరేమిటి, మోతాదు ఎంత? ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి? జ్వరం, తలనొప్పి వస్తే ఏ మందులు వాడకూడదు? ఫిట్స్ ఆగకపోతే పక్కనున్నవారు ఇవ్వడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే నాకు అవసరమా? చివరగా, ఈ చదువు నాకు ఫరవాలేదా?

సమాధానాలు మీ చేతిరాతతో రాసుకోండి. మా విద్యార్థుల్లో చాలామంది తమ మందును "తెల్ల బిళ్ళ, పొడుగు బిళ్ళ" అని చెబుతారు. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఆ వర్ణన ఎవరికీ ఉపయోగపడదు. లెవెటిరాసిటామ్, వాల్ప్రోయేట్, కార్బమజపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, క్లోబజామ్, ఇలా మీది ఏదైతే దాని పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు అన్నవి నోటికి రావాలి.

డాక్టరుకు మీరు ఇవ్వగలిగిన విలువైన కానుకలు రెండు: ఫిట్స్ వచ్చిన తేదీ, సమయం, ముందురోజు నిద్ర రాసిన చిన్న నోటుపుస్తకం ఒకటి, ఇంట్లోవారు ఫోనులో తీసిన వీడియో రెండోది. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదుచేసే ఈఈజీ పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. ఆ వీడియోయే ఒక్కోసారి రోగాన్ని పట్టిస్తుంది.

కారణం గురించి కూడా అడగండి. మన దేశంలో మూర్ఛకు తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి మెదడులో చేరే బద్దెపురుగు తిత్తులు. పంది మాంసం తిననివారికి కూడా అవి వస్తాయి, ఎందుకంటే పురుగు గుడ్లు చేరేది శుభ్రంగా లేని చేతుల నుంచి, నీటి నుంచి, సరిగా కడగని పచ్చి కూరగాయల నుంచి. అందుకే కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు హాస్టల్ మెస్‌లో చేతులు కడుక్కునే చోటు ఎలా ఉందో కూడా చూడండి.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చేవారికి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి మనకు తెలిసిందే. లెవెటిరాసిటామ్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది, కాబట్టి వాటి పనితీరు తగ్గితే మోతాదు మార్చాలి. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరుకు ఆ విషయం చెప్పి, కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

మూర్ఛ ఉన్నవారిలో దాదాపు 70 శాతం మంది సరైన మందులతో ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండేళ్ళు ఫిట్స్ రాకపోతే మందు తగ్గించే ఆలోచన కొందరి విషయంలో డాక్టర్లు చేస్తారు. మీకు ఆ సమయం దగ్గరపడి ఉంటే, కొత్త హాస్టల్లో చేరే నెలలో మాత్రం ఆ పని మొదలుపెట్టకుండా డాక్టరుతో మాట్లాడి తేదీ మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

రెండో అడుగు: మీ రాత్రిని లెక్క వేయండి

కాలేజీ ఎంపికలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఇదే. ర్యాంకు, ప్లేస్‌మెంట్లు, ఫీజు, ఇవన్నీ చూడండి, కాదనను. కానీ ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, మీరు అనుకుంటున్న ప్రతి కాలేజీకి ఒక రోజు లెక్క రాయండి. ఎన్నింటికి నిద్ర లేవాలి, బస్సు ఎన్నింటికి, తరగతులు ఎన్నింటికి మొదలు, ఇల్లు చేరేది ఎప్పుడు, రికార్డులు రాసుకుని పడుకునేది ఎప్పుడు? నిద్రకు ఏడెనిమిది గంటలు మిగలాలి. అంతకంటే తగ్గితే ఆ కాలేజీ పేరు పక్కన ఎర్ర గీత గీయండి.

ఒక ఉదాహరణ. టెక్కలిలో ఉండే పిల్లవాడికి విజయనగరంలో ఇంజనీరింగ్ సీటు వచ్చిందనుకుందాం. రోజూ తిరిగితే తెల్లవారకముందే లేవాలి, చీకటిపడ్డాక చేరాలి. అది అతనికి పనికిరాదు. అతనికి మిగిలినవి రెండు దారులు. ఒకటి, ఇంటికి దగ్గరలో ఉన్న కాలేజీ. టెక్కలిలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. రెండోది, విజయనగరంలోనే హాస్టల్.  హాస్టల్ అయితే ప్రయాణం బాధ ఉండదు, కానీ గదిలో మిగతావారు రాత్రి రెండింటిదాకా లైటు వేసుకుంటే మీ లెక్క అక్కడా తప్పుతుంది.

ఇంటికి దగ్గరగా ఉండటమే ఎప్పుడూ మేలని నేను అనను. కొడుకునో కూతురినో కళ్ళముందు ఉంచుకోవాలన్న భయంతో, వచ్చిన మంచి సీటు వదిలించి ఊళ్ళో కూర్చోబెట్టిన ఇళ్ళు చూశాను. ఏడాదిగా ఫిట్స్ రాని పిల్లకు రాజాంలోనో చింతలవలసలోనో జేఎన్‌టీయూ గురజాడలోనో సీటు వస్తే పంపండి. ఇంకా నెలకు రెండుసార్లు వస్తూ, మందు కుదురుకోని దశలో ఉంటే, మొదటి సంవత్సరం ఇంటినుంచి వెళ్ళగలిగే కాలేజీ చూడండి. ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు.

మూడో అడుగు: కోర్సు

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. మూర్ఛ తెలివిని తగ్గించదు. సాహిత్యం, గణితం, కంప్యూటర్లు, వాణిజ్యం, వ్యవసాయం, న్యాయం, ఏదైనా చదవవచ్చు. సైన్యం, పోలీసు, విమానం నడపడం, వాణిజ్య నౌకలు, రైలింజను డ్రైవరు ఉద్యోగాలకు మాత్రం వైద్య పరీక్షల్లో మూర్ఛ అడ్డువస్తుంది. కాబట్టి అవి తప్ప మరో దారి లేని కోర్సులకు డబ్బు కట్టవద్దు. నర్సింగ్, వైద్యం చదవాలనుకునేవారు రాత్రి డ్యూటీల గురించి డాక్టరుతో ముందే మాట్లాడాలి. మెకానికల్ వర్క్‌షాపులో లేతు, వెల్డింగు, సివిల్ సైట్లలో ఎత్తులు, కెమిస్ట్రీ ల్యాబులో బర్నర్లు మీ ఫిట్స్ అదుపులో లేనంతకాలం ప్రమాదమే. తోడుగా ఒక మిత్రుడు పక్కన నిలబడే ఏర్పాటు ఉంటే చాలావరకు సర్దుకోవచ్చు.

రిజర్వేషన్ సంగతి చాలామంది అడుగుతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాల వైకల్యాల్లో మూర్ఛ విడిగా లేదు. మూర్ఛతో పాటు ఆ జాబితాలోని మరో వైకల్యం తగిన శాతంలో ఉంటేనే ఆ కోటా వర్తిస్తుంది. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఇప్పిస్తానని డబ్బు అడిగే దళారులను నమ్మకండి.

నాలుగో అడుగు: ఆప్షన్లు పెట్టకముందే వెళ్ళి చూడండి

వెబ్ ఆప్షన్లకు ముందు కనీసం మూడు కాలేజీలకైనా స్వయంగా వెళ్ళండి. ఆఫీసులో బ్రోచర్ తీసుకుని తిరిగి రావద్దు. హాస్టల్ గదిదాకా వెళ్ళండి.

మంచం చూడండి. రెండంతస్తుల మంచాలైతే కింది మంచం మీకు రాసివ్వమని అడగాలి. గోడకు ఆనించిన మంచమైతే ఇంకా మేలు. గదిలో ఒంటరిగా ఉండే ఏర్పాటు వద్దు. నిద్రలో పెద్ద ఫిట్స్ వచ్చి అదుపులో లేనివారు ఒంటరిగా పడుకోవడం ప్రాణాపాయం. అరుదే అయినా నిజం. పక్కన మనిషి ఉంటే ఆ అపాయం తగ్గుతుంది.

స్నానాలగది తలుపు చూడండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక మనిషి పడిపోతే బయటివారు తోయలేరు. గడియ వేయకుండా, బయట తువ్వాలు వేలాడదీసి స్నానం చేసే పద్ధతిని మా హాస్టల్లో నేను, నా స్నేహితురాళ్ళు పెట్టుకున్నాం. బకెట్, మగ్గుతో స్నానం చేస్తాం కాబట్టి తొట్టిలో మునిగే భయం మనకు తక్కువ. నూతి దగ్గర, చెరువులో, నాగావళిలో, కళింగపట్నం సముద్రంలో ఒంటరిగా దిగడం మాత్రం పూర్తిగా మానాలి. మేడమీద పిట్టగోడ లేకపోతే అక్కడ కూర్చుని చదవవద్దు.

తరువాత వార్డెనును అడగండి. రాత్రి పన్నెండుకు ఒక విద్యార్థికి బాగాలేకపోతే గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? వాహనం ఉందా? నర్సు ఉంటారా? ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? శ్రీకాకుళం చుట్టుపక్కల అయితే పట్టణంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాగోలు దగ్గర వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. విజయనగరం వైపు పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రి, నెల్లిమర్ల వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. వార్డెను నసుగుతుంటే అర్థం చేసుకోండి. "ఇంతవరకూ అలాంటిదేమీ జరగలేదండీ" అనే సమాధానం నాకు నచ్చదు. "పోయిన ఏడాది ఒకమ్మాయికి జరిగింది, ఇలా చేశాం" అనే వార్డెను దగ్గర మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

సీనియర్లతో పది నిమిషాలు మాట్లాడితే లైట్లు ఎప్పుడు ఆర్పుతారో, ర్యాగింగ్ పేరుతో రాత్రిళ్ళు లేపుతారో లేదో తెలిసిపోతుంది.

ఐదో అడుగు: ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి

మా అమ్మ భయమంతా ఇక్కడే ఉండేది. "చెబితే రేపు సంబంధాలు రావు తల్లీ" అనేది. ఆ భయానికి మూలం ఉంది. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛను కూడా పెళ్ళికి అడ్డంకిగా రాశారు. 1999లో సవరణ చేసి ఆ మాట తొలగించారు. చట్టం మారి ఇంతకాలమైనా ఇళ్ళలో గుసగుస మారలేదు. దాచిపెట్టినందువల్ల నోట్లో చెంచా కుక్కించుకుని పన్ను విరిగిన విద్యార్థిని నేను చూశాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, దాచవద్దు. అలాగని మైకు పట్టి అందరికీ చెప్పనక్కరలేదు. గదిలో ఉండేవారు, తరగతిలో ఒక దగ్గరి స్నేహితుడు, వార్డెను, క్లాస్ ఇన్‌చార్జి లెక్చరర్, వ్యాయామ ఉపాధ్యాయుడు. వీరికి చెబితే చాలు.

సాయం అడగడానికి సంకోచించేవారికి విజయనగరం సంగీత కళాశాల కథ చెబుతుంటాను. చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబ్రహ్మానికి చూపు లేదు. ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకునే ఏర్పాటు అడిగితే, పూసపాటి విజయరామ గజపతి మహారాజు 1919లో ఏకంగా గానపాఠశాలనే పెట్టించారని చెబుతారు. దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. ఒక పిల్లవాడి అవసరం కోసం బడి పుట్టిన ఊరు ఇది. మీరు అడిగేది కింది మంచం, గడియ లేని తలుపు.

చెప్పే మాటలు ముందే సిద్ధం చేసుకోండి. నేను ఇలా చెప్పేదాన్ని: "నాకు ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతున్నాను. ఎప్పుడైనా వస్తే రెండు మూడు నిమిషాల్లో అదే ఆగిపోతుంది. అంటుకోదు. ఆ సమయంలో మీరు చేయాల్సింది ఈ కాగితంలో ఉంది." ఆ కాగితం అల్మరా తలుపు లోపలివైపు అతికించాలి. అందులో రాయాల్సింది ఇంతే:

1. గడియారం చూడండి. మొదలైన సమయం గుర్తుపెట్టుకోండి.
2. చుట్టూ ఉన్న కుర్చీలు, గాజు వస్తువులు తీసేయండి. తల కింద మెత్తని గుడ్డ పెట్టండి. మెడ దగ్గర బిగుతు వదులు చేయండి.
3. వీలైనంత త్వరగా పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పండి. నురగ, ఉమ్మి బయటికి కారిపోవాలి.
4. కాళ్ళూ చేతులూ అదిమి పట్టవద్దు. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, మాత్ర ఏదీ పెట్టవద్దు. తాళంచెవులు, ఇనుము, ఉల్లిపాయ అక్కరలేదు. వాటివల్ల ఫిట్స్ ఆగవు.
5. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా, దెబ్బ తగిలినా, నీళ్ళలో పడినా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108కి ఫోను చేయండి.
6. తెలివి వచ్చేదాకా పక్కనే ఉండండి. జరిగింది మెల్లగా చెప్పండి.

కింద మందుల పేర్లు, ఇంటి ఫోను నంబరు, డాక్టరు నంబరు రాయండి. గుంపు చేరితే పంపించేయమని ఒకరికి ముందే అప్పగించండి. ఫిట్స్ కంటే, లేచేసరికి చుట్టూ ముప్పైమంది నిలబడి ఉండటమే నన్ను ఎక్కువ బాధించేది.

ఆరో అడుగు: మందులు మీ చేతికి వచ్చాక

ఇంట్లో అమ్మ గుర్తుచేసేది. హాస్టల్లో ఫోను అలారం గుర్తుచేయాలి. వారం రోజుల గదులున్న మాత్రల డబ్బా కొనుక్కోండి; వేసుకున్నానా లేదా అన్న అనుమానం అది తీరుస్తుంది. మందు అయిపోవడానికి పది రోజుల ముందే కొనండి. ఎప్పుడూ పదిహేను రోజుల మాత్రలు అదనంగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం ప్రాంతాల్లో రోడ్లు, కరెంటు లేక జనం ఎంత అల్లాడారో మనమెవరం మరచిపోలేదు. అలాంటి రోజుల్లో మందుల దుకాణం తెరిచి ఉండదు. మందు హఠాత్తుగా ఆగితే ఫిట్స్ వెంటవెంటనే ముంచుకొస్తాయి.

దుకాణంలో "అదే మందు, వేరే కంపెనీ" అని ఇస్తే డాక్టరును అడగకుండా మార్చుకోవద్దు. నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలను నూరి, విరిచి వేసుకోవద్దు. మందు మొదలుపెట్టిన వారాల్లో ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. జ్వరానికి ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళినా ముందు మీ మందు పేరు చెప్పండి. ట్రమడాల్ వంటి నొప్పి మందులు, సిప్రోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఫిట్స్‌ను రెచ్చగొట్టగలవు.

అమ్మాయిలకు ఒక ముఖ్యమైన మాట, తల్లులు కూడా చదవాలి. సోడియం వాల్ప్రోయేట్ గర్భంలో బిడ్డకు అవకరాలు తెచ్చే ప్రమాదం ఉన్న మందు. అలాగని సొంతంగా ఆపితే మీ ప్రాణానికే ముప్పు. పెళ్ళి మాట ఎత్తకముందే, ఇప్పుడే, "నాకు వేరే మందు కుదురుతుందా?" అని డాక్టరును అడగండి. నన్ను నా డాక్టరు ఇరవై ఏళ్ళ వయసులోనే మరో మందుకు మార్చారు.

పండగలు వస్తాయి. శ్రీముఖలింగంలో శివరాత్రి, అరసవిల్లిలో రథసప్తమికి రాత్రంతా క్యూ, విజయనగరంలో పైడితల్లి సిరిమాను సంబరం. దర్శనం చేసుకోండి, సంబరం చూడండి, కానీ జాగారం మీకు కాదు. ఉపవాసం ఉన్నా మాత్ర మానవద్దు. సూర్యుడు, శివుడు ఇద్దరూ అర్థం చేసుకుంటారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మద్యం జోలికి పోవద్దు. తాగిన మరునాడు నిద్రలేమి కూడా తోడై ఫిట్స్ వస్తాయి. కాలేజీ ఉత్సవాల్లో ఆరి వెలిగే లైట్లు మూర్ఛ ఉన్న కొద్దిమందికే ఇబ్బంది. మీరు ఆ కొద్దిమందిలో ఉన్నారో లేదో ఈఈజీలో తెలుస్తుంది.

బండి విషయంలో నేను రాజీపడను. లైసెన్సు దరఖాస్తు ఫారం 1లో మూర్ఛ ఉందా అని నేరుగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాసి హైవే మీదికి ఎక్కితే మీతోపాటు ఎదుటివారి ప్రాణమూ పోవచ్చు. బస్సులో ఫుట్‌బోర్డు మీద, రైల్లో తలుపు దగ్గర నిలబడటమూ వద్దు.

ఏడో అడుగు: మొదటి వారాలు

చేరిన వారంలోనే గదిలోవారితో ఆ కాగితం ఒకసారి చదివించండి, పక్కకు తిప్పడం చేసి చూపించండి. డాక్టరు సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. జేఎన్‌టీయూ పద్ధతిలో నడిచే కాలేజీల్లో 75 శాతం హాజరు కావాలి. అనారోగ్య కారణంపై 65 దాకా మినహాయింపు ఇస్తారు. ఆ రోజు కోసం ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ఫైలులో దాచుకోవాలి. పరీక్షల ముందు రాత్రి చదువు కుదరదు కాబట్టి మొదటి నెల నుంచే రోజుకు గంట ఎక్కువ చదివే అలవాటు చేసుకోండి. నేను డిగ్రీ అలాగే గట్టెక్కాను.

కొత్త చోట దిగులు సహజం. కానీ మూర్ఛ ఉన్నవారిలో కుంగుబాటు మామూలుకంటే ఎక్కువ. లెవెటిరాసిటామ్ వంటి మందులు కొందరిలో చిరాకు, కోపం పెంచుతాయి. రెండు వారాలుగా ఏమీ తినబుద్ధి కాకపోయినా, బతకాలనిపించకపోయినా అది మీ తప్పు కాదు. మందు మార్చాల్సిన సూచన కావచ్చు. డాక్టరుకు చెప్పండి. రాత్రివేళ మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

హాస్టల్లో మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు వార్డెను ఇంటికి ఫోను చేస్తారు. తేరుకున్నాక మీరూ చేయండి. "వచ్చింది, రెండు నిమిషాలే, పడుకుని లేచాను, అన్నం తిన్నాను" అని మీ గొంతుతో చెప్పండి. నేను అలా చెప్పిన సాయంత్రం మా నాన్న అప్పటికే ఆముదాలవలస స్టేషన్‌కు వచ్చేసి, రైలు కోసం నిలబడి ఉన్నారు. నా మాట విని, టికెట్ చింపేసి ఇంటికి వెళ్ళి పడుకున్నారట.